ఎండనూ నీడనూ ఒకే ఫోటోలో నిలపడం: చెన్నై వెలుగులో హెచ్‌డీఆర్ ఫోటోగ్రఫీ మొదలుపెట్టడం ఎలా

చెన్నైలో ఉదయం తొమ్మిది దాటిందంటే ఎండకూ నీడకూ మధ్య తేడా కెమెరాకు అందనంతగా పెరిగిపోతుంది. మైలాపూరు కపాలీశ్వరాలయంలో మండపపు నీడలో నిలబడి గోపురం వైపు చూసినప్పుడు, ఎండలో మెరిసే రంగుల బొమ్మలూ పక్కనే చీకటిగా ఉన్న స్తంభాలూ రెండూ మన కంటికి తెలుస్తాయి. అదే దృశ్యాన్ని కెమెరాతో ఒక్కసారి తీస్తే గోపురమైనా తెల్లగా పాలిపోతుంది, స్తంభాలైనా నల్లటి ముద్దలవుతాయి. అందుకని ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లతో కొన్నిసార్లు తీసి, ఆ ఫ్రేములను సాఫ్ట్‌వేర్‌లో కలిపి ఒక చిత్రంగా మారుస్తారు. దీనినే హై డైనమిక్ రేంజ్ ఫోటోగ్రఫీ అనీ, క్లుప్తంగా హెచ్‌డీఆర్ అనీ అంటారు. అపర్చర్, షటర్ స్పీడ్, ఐఎస్ఓ అంటే ఏమిటో తెలిసి, ఈ పద్ధతిని ఇంతవరకు ప్రయత్నించని వారిని దృష్టిలో పెట్టుకొని ఈ వివరాలు రాస్తున్నాను.

హెచ్‌డీఆర్ చిత్రం బాగా రావడమూ పాడవడమూ చాలావరకు కెమెరా దగ్గర, వెలుగును కొలిచే దశలోనే తేలిపోతుందని నా అభిప్రాయం. అక్కడ సరిగా చేస్తే సాఫ్ట్‌వేర్‌లో చేయవలసింది కొంచెమే మిగులుతుంది. అక్కడ తప్పితే ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోలేదు.

స్టాపుల లెక్క

వెలుగు రెట్టింపయితే ఒక స్టాపు పెరిగినట్టు, సగమైతే ఒక స్టాపు తగ్గినట్టు లెక్క. పది స్టాపుల తేడా అంటే అన్నిటికన్నా వెలుగైన చోటుకూ అన్నిటికన్నా చీకటి చోటుకూ మధ్య 1024 రెట్ల తేడా అన్నమాట. నేటి మంచి కెమెరా సెన్సార్లు అతి తక్కువ ఐఎస్ఓ దగ్గర సుమారు 12 నుంచి 14 స్టాపుల వరకు నమోదు చేయగలవు. అయితే ఆ చివరి ఒకటి రెండు స్టాపుల నీడలో వివరాల కన్నా నాయిస్ (ఇసుక చల్లినట్టుండే గరుకు చుక్కలు) ఎక్కువగా ఉంటుంది. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ కనిపించే హాలు, రంగు అద్దాల కిటికీలున్న చర్చి, సూర్యుడు ఎదురుగా ఉన్న సముద్ర తీరం వంటి దృశ్యాలు ఈ హద్దును సులభంగా దాటిపోతాయి.

హెచ్‌డీఆర్‌లో రెండు వేర్వేరు పనులున్నాయని మొదటే తెలుసుకోవడం అవసరం. వేర్వేరు ఎక్స్‌పోజర్లలోని వెలుగు సమాచారాన్నంతా ఒకే ఫైలులోకి చేర్చడం మొదటి పని. ఆ ఫైలు సాధారణంగా 32 బిట్లదై ఉంటుంది. మామూలు తెరగానీ కాగితంగానీ అంత విస్తృతిని చూపలేవు కనుక, దానిని వాటికి సరిపడేట్టు కుదించడం రెండవ పని. బిందెడు నీళ్ళను చెంబులో పట్టించడం లాంటిది ఈ రెండవ పని. దీన్నే టోన్ మ్యాపింగ్ అంటారు. ‘హెచ్‌డీఆర్ ఫోటోలు కృత్రిమంగా ఉంటాయి’ అని చాలామంది చేసే ఫిర్యాదు నిజానికి ఈ రెండవ పనిలో జరిగే అతికి సంబంధించినది.

ఈ ఇబ్బంది డిజిటల్ కెమెరాలతో పుట్టినది కాదు. ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే 1850లలోనే ఆకాశానికి ఒక నెగెటివ్, సముద్రానికి మరొక నెగెటివ్ వాడి, రెండింటినీ కలిపి ప్రింటు వేశాడు. అదే దశకంలో మద్రాసు ప్రభుత్వానికి ఫోటోగ్రాఫరుగా పనిచేసిన లినేయస్ ట్రైప్ తంజావూరు, మదురై ఆలయాలను చిత్రీకరించాడు. ఆనాటి నెగెటివ్‌లు నీలి వెలుగుకు ఎక్కువగా స్పందించేవి. అందువల్ల ఆకాశం వట్టి తెల్ల కాగితంలా వచ్చేది. ఆయన నెగెటివ్ మీద రంగు పూసి మేఘాలు తెప్పించుకునేవాడు. మన ఎండతో ఫోటోగ్రాఫర్ల తగవు అంత పాతది. డిజిటల్ పద్ధతికి గట్టి పునాది వేసినది 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ ప్రచురించిన పరిశోధన. వేర్వేరు ఎక్స్‌పోజర్ల ఫోటోల నుంచి దృశ్యంలోని అసలు వెలుగు విలువలను తిరిగి రాబట్టే గణితాన్ని వారు అందులో చూపారు.

మొదట, హెచ్‌డీఆర్ అవసరమా అని తేల్చుకోండి

కెమెరాలో స్పాట్ మీటరింగ్ (ఫ్రేములోని ఒక చిన్న చోటు వెలుగునే కొలిచే పద్ధతి) పెట్టి, అపర్చర్‌ను ఎఫ్/8 వద్ద, ఐఎస్ఓను 100 వద్ద ఉంచండి. వివరాలు పోకూడదని మీరనుకునే అత్యంత వెలుగైన చోటు మీద మీటర్ పెట్టి ఎంత షటర్ స్పీడ్ చూపుతుందో గమనించండి. తరువాత వివరాలు కావాలనుకునే అత్యంత చీకటి చోటు మీద పెట్టి అదే గమనించండి. ఉదాహరణకు టి.నగర్‌లోని ఒక ఫ్లాటు హాలులో, కిటికీ బయటి ఎండకు 1/500 సెకను, సోఫా వెనుక గోడకు 1/2 సెకను వచ్చాయనుకుందాం. 1/500, 1/250, 1/125, 1/60, 1/30, 1/15, 1/8, 1/4, 1/2 అని రెట్టింపు చేసుకుంటూ పోతే ఎనిమిది స్టాపుల తేడా తేలుతుంది. మీటరు ప్రతిచోటునూ మధ్యస్థమైన బూడిద రంగుగా భావించి కొలుస్తుంది కనుక, దానికి పైనా కిందా మరికొన్ని స్టాపుల వివరాలు ఉంటాయి. ఇలాంటి దృశ్యానికి బ్రాకెటింగ్, అంటే వేర్వేరు ఎక్స్‌పోజర్లతో వరుసగా ఫ్రేములు తీయడం, తప్పదు.

తేడా ఐదు స్టాపుల లోపు ఉంటే ఒక్క ‘రా’ ఫైలు (సెన్సార్ నమోదు చేసిన సమాచారాన్ని సవరించకుండా దాచే ఫైలు) చాలు. హైలైట్స్ (అత్యంత వెలుగైన చోట్లలోని వివరాలు) పోకుండా కొంచెం తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసి, తరువాత నీడలను పైకి లేపుకోవచ్చు. మబ్బు పట్టిన రోజున బీసెంట్ నగర్ బీచ్‌లోనో, ఈశాన్య రుతుపవనాల కాలంలో మధ్యాహ్నం వీధిలోనో ఐదు ఫ్రేములు తీయడం శ్రమ దండగ. మనుషులు కదిలే చోట, పెళ్ళిళ్ళలో, ఉత్సవ ఊరేగింపుల్లో కూడా ఒక్క ఫ్రేమే నయం.

కావలసిన సామగ్రి

రా ఫైలు తీయగల ఏ కెమెరా అయినా పనికొస్తుంది. ఆటో ఎక్స్‌పోజర్ బ్రాకెటింగ్ సదుపాయం ఉంటే పని సులువవుతుంది. కానన్ 1500డి వంటి ప్రారంభ స్థాయి కెమెరాలో మూడు ఫ్రేముల బ్రాకెటింగ్ ఉంది, నికాన్ డి3500లో మాత్రం లేదు. లేకపోయినా మాన్యువల్ మోడ్‌లో షటర్ స్పీడ్‌ను చేత్తో మార్చుకుంటూ తీయవచ్చు, కాకపోతే డయల్ తిప్పేటప్పుడు కెమెరా కదలకుండా చూసుకోవాలి. ట్రైపాడ్ తేలికదైతే దాని మధ్య కొక్కేనికి బ్యాగు తగిలించండి, అయితే ఆ బ్యాగు గాలికి ఊగనివ్వకండి.

ఆలయాల్లో, భారత పురావస్తు శాఖ ఆధీనంలోని కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి కావాలి; మహాబలిపురం తీర దేవాలయానికి వెళ్ళేవారికి ఈ మాట ముఖ్యం. అనుమతి లేనిచోట కెమెరాను చేతిలోనే పట్టుకొని, స్తంభానికో గోడకో భుజం ఆనించి, బర్స్ట్ మోడ్‌లో బ్రాకెటింగ్ తీయవచ్చు. అపర్చర్‌ను ఎఫ్/8 నుంచి ఎఫ్/5.6కు తెరిచి, ఐఎస్ఓను 100 నుంచి 400కు పెంచితే మూడు స్టాపులు కలిసివస్తాయి. ట్రైపాడ్ మీద 1/8 సెకను పట్టే ఫ్రేము 1/60కి దిగుతుంది. గర్భగుడి వైపు కెమెరా ఎత్తకూడదన్నది వేరే చెప్పనక్కరలేదు.

చెన్నైకి ప్రత్యేకమైన చిక్కు తేమ. ఏసీ గదిలో రాత్రంతా ఉన్న కెమెరాను తెల్లవారుజామున నేరుగా మెరీనా గాలిలోకి తీస్తే లెన్స్ మీద నిమిషాల్లో ఆవిరి పడుతుంది, ఆ ఫోటోలన్నీ మసకగా వస్తాయి. కెమెరాను బ్యాగులోనే మూసి ఉంచి, ఏసీ లేని చోట ఒక అరగంట ముందుగా పెట్టి, దాని వేడి బయటి గాలితో సమానమయ్యాక తీయండి.

కెమెరా సెటింగ్స్

ముందుగా ఫైలు రకాన్ని ‘రా’ అని పెట్టండి. తరువాత అపర్చర్ ప్రయారిటీ మోడ్‌కు వెళ్ళి ఎఫ్/8 లేదా ఎఫ్/11 ఎంచుకోండి. బ్రాకెటింగ్‌లో మారవలసింది షటర్ స్పీడ్ ఒక్కటే: అపర్చర్ మారితే ఒక్కో ఫ్రేములో ఫోకస్ లోతు ఒక్కో రకంగా ఉండి ఫ్రేములు సరిగా అతకవు, ఐఎస్ఓ మారితే నాయిస్ ఒక్కో ఫ్రేములో ఒక్కో తీరుగా ఉంటుంది. అందువల్ల ఆటో ఐఎస్ఓను తప్పక ఆపేసి 100 వద్ద నిలపండి. చాలామంది కొత్తవారు మరిచిపోయేది దీన్నే. ఆటో ఐఎస్ఓ ఆన్‌లో ఉంటే కెమెరా తనకు తోచినట్టు దాన్ని మార్చుకుంటూ పోతుంది.

వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకుండా డేలైట్‌లోనో క్లౌడీలోనో స్థిరంగా ఉంచండి. ఆటోఫోకస్‌తో ఒకసారి ఫోకస్ చేసి, వెంటనే మాన్యువల్ ఫోకస్‌కు మార్చండి. లేకపోతే చీకటి ఫ్రేముకూ వెలుగు ఫ్రేముకూ మధ్య లెన్స్ మళ్ళీ వెతకడం మొదలుపెడుతుంది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్‌లోని స్టెబిలైజేషన్ ఆపండి. షటర్ బటన్‌ను వేలితో నొక్కకుండా రెండు సెకన్ల సెల్ఫ్ టైమర్ వాడండి. కానన్ కెమెరాల్లో బ్రాకెటింగ్‌తో పాటు టైమర్ పెడితే ఫ్రేములన్నీ వరుసగా వాటంతటవే పడతాయి. టైమర్ తరువాత ఎన్ని ఫోటోలు తీయాలో మెనూలో చెప్పవలసిన నికాన్ మోడళ్ళు కొన్ని ఉన్నాయి.

ఇక ఫ్రేముల సంఖ్య. ఆరుబయటి దృశ్యాలకు రెండేసి స్టాపుల ఎడంతో మూడు ఫ్రేములు, అంటే మైనస్ 2, సున్నా, ప్లస్ 2 చాలు. పైన చెప్పిన హాలు వంటి దృశ్యానికి 1/500, 1/125, 1/30, 1/8, 1/2 అని ఐదు ఫ్రేములు కావాలి. మీ కెమెరా మూడే ఇస్తే, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మార్చి రెండు విడతలుగా తీయండి. ఒక్కో స్టాపు ఎడంతో తొమ్మిది ఫ్రేములు తీసేవారున్నారు. రా ఫైళ్ళతో పనిచేసేటప్పుడు వాటివల్ల మెమరీ కార్డు నిండడం తప్ప పెద్ద ప్రయోజనం నాకు కనిపించలేదు.

తీసిన వెంటనే హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే పటం) చూడండి. తెర మీది ఫోటోను చూసి తృప్తి పడకండి, చెన్నై ఎండలో ఆ తెర ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది. అన్నిటికన్నా చీకటి ఫ్రేములో హిస్టోగ్రామ్ కుడి అంచుకు ఆనకుండా కొంచెం ఇవతలే ఆగిపోవాలి. అన్నిటికన్నా వెలుగు ఫ్రేములో అది ఎడమ అంచును వదిలి లోపలికి వచ్చి ఉండాలి. ఈ రెండూ కుదిరితే దృశ్యంలోని వెలుగంతా మీ కార్డులో ఉన్నట్టే. ఒకవైపు కుదరకపోతే అటువైపు ఇంకొక ఫ్రేము తీయండి. ‘రా’లో తీస్తున్నా కెమెరా చూపే హిస్టోగ్రామ్ లోపలి జేపెగ్ ప్రతిని బట్టి తయారవుతుంది. అందువల్ల హైలైట్స్‌లో అది చూపేదానికన్నా కొంచెం ఎక్కువే మిగిలి ఉంటుంది, కానీ దాన్ని నమ్ముకొని తీయకండి.

ఎక్కడ సాధన చేయాలి

మొదటి సాధనకు మీ ఇంటి హాలే మంచిది. అక్కడ అనుమతులు అక్కరలేదు, కావలసినంతసేపు తీయవచ్చు. తీసేముందు ట్యూబ్‌లైట్లు, ఎల్ఈడీ బల్బులు ఆర్పేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక అటువంటి దీపాల వెలుగు సెకనుకు వందసార్లు పెరిగి తరుగుతూ ఉంటుంది. 1/500 వంటి వేగంలో ఒక్కో ఫ్రేములో గది ఒక్కో రంగులో, కొన్నిసార్లు అడ్డచారలతో పడుతుంది. పైగా కిటికీ వెలుగు ఒక రంగు, ట్యూబ్‌లైటు వెలుగు మరొక రంగు కావడంతో కలిపిన చిత్రంలో గోడలు మచ్చలు మచ్చలుగా కనిపిస్తాయి. ఫ్యాను కూడా ఆపాలి. చెన్నైలో మే నెలలో ఈ మాట ఇంట్లోవాళ్ళతో అనడానికి కొంత ధైర్యం కావాలి. గృహప్రవేశం రోజున హాలు ఫోటో తీస్తుంటే ‘ఒక్క ఫోటోకి అన్నిసార్లు నొక్కుతావేంటి బాబూ’ అని పెద్దవాళ్ళు అడుగుతారు. వారికి డైనమిక్ రేంజ్ గురించి చెప్పడం కన్నా, ‘రెండు నిమిషాలు గుమ్మంలోకి ఎవరూ రాకుండా చూడండి పిన్నీ’ అని ఆ పని వారికే అప్పగించడం ఉభయతారకం.

తరువాతి మెట్టుగా శాంథోమ్ బసిలికా లోపలి భాగాన్ని ప్రయత్నించవచ్చు. నేటి భవనం 1896 నాటిది, గోథిక్ శైలిలో కట్టినది. లోపల మసక వెలుగు, గోడల్లో రంగు అద్దాల కిటికీలు. ప్రార్థన లేని సమయంలో, అక్కడివారిని అడిగి తీయండి. ఇలాంటి చోట మామూలు హిస్టోగ్రామ్ కాక ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకోవాలి. మొత్తం వెలుగు హద్దులోనే ఉందని కెమెరా చెబుతున్నా, ఎర్రటి అద్దంలో ఎరుపు ఒక్కటే హద్దు దాటి, అక్కడి గీతలూ ఛాయలూ పోయి ఒకే ముద్దగా మారడం తరచుగా జరుగుతుంది. మూడు రంగులూ కుడి అంచుకు ఇవతల ఆగేదాకా చీకటి ఫ్రేమును ఇంకా తగ్గించండి.

మెరీనా సూర్యోదయం అందరికీ నచ్చే దృశ్యం, హెచ్‌డీఆర్‌కు మాత్రం అన్నిటికన్నా మొండిది. సూర్యబింబంలో వివరాలు తెప్పించాలని ప్రయత్నించకండి. బింబం తెల్లగానే ఉండాలి, దాని చుట్టూ ఉన్న ఆకాశంలో రంగు నిలిస్తే చాలు. అలలు ప్రతి ఫ్రేములోనూ చోటు మారతాయి కనుక ఐదు ఫ్రేములు కలిపితే నురుగు దయ్యంలా చారలు కడుతుంది. ఇక్కడ రెండే ఫ్రేములు, ఆకాశానికొకటి నీటికొకటి తీసి, ఫోటోషాప్‌లో మాస్కు వేసి, అంటే ఒక్కో ఫ్రేములో కావలసిన భాగాన్నే కనబడనిచ్చి, కలపడం మేలు. లె గ్రే చేసింది సరిగ్గా ఇదే. సూర్యుడు కొంచెం పైకి వచ్చాక టెలిఫోటో లెన్స్ పెట్టి ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి నేరుగా చూడకండి, కంటికి శాశ్వత హాని జరగవచ్చు. ఇంటికి వచ్చాక ట్రైపాడ్ కాళ్ళను మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి. ఉప్పు, ఇసుక కీళ్ళలో చేరితే అవి త్వరలోనే బిగుసుకుపోతాయి.

సాఫ్ట్‌వేర్ ఎంపిక

డబ్బు పెట్టి కొనేవాటిలో అడోబీ లైట్‌రూమ్, ఫోటోషాప్, ఫోటోమ్యాటిక్స్ ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఫోటోషాప్‌లో ఫ్రేములను హెచ్‌డీఆర్‌గా కలిపే సదుపాయం 2005 నాటి సీఎస్2తోనే వచ్చింది, లైట్‌రూమ్‌లోకి 2015లో వచ్చింది. ఫోటోమ్యాటిక్స్‌ను కొనకుండా ప్రయత్నించి చూడవచ్చు, కాకపోతే చిత్రం మీద వాటర్‌మార్క్ పడుతుంది. ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాధనాల్లో ల్యూమినెన్స్ హెచ్‌డీఆర్, హెచ్‌డీఆర్ మెర్జ్, డార్క్‌టేబుల్, రాథెరపీ, హగిన్ ఉన్నాయి. నేర్చుకునేవారికి నేను చెప్పే దారి ఒకటే: లైట్‌రూమ్ ఇప్పటికే ఉంటే దానితోనే మొదలుపెట్టండి, లేకపోతే హెచ్‌డీఆర్ మెర్జ్‌తో ఫ్రేములను కలిపి, వచ్చిన డీఎన్‌జీ అనే రా తరహా ఫైలును రాథెరపీలో తెరవండి. ల్యూమినెన్స్ హెచ్‌డీఆర్‌లో మాంటియుక్, ఫట్టల్, డ్రాగో, రైన్‌హార్డ్ వంటి పరిశోధకుల పేర్లతో అనేక టోన్ మ్యాపింగ్ పద్ధతులు వరుసగా కనిపిస్తాయి. కుతూహలం ఉన్నవారికి అది మంచి ప్రయోగశాల, తొందరలో ఉన్నవారికి అయోమయం.

ఫ్రేములను కలపడం

లైట్‌రూమ్‌లో ఒక దృశ్యానికి చెందిన ఫ్రేములన్నీ ఎంచుకొని, ఫోటో మెనూలోని ఫోటో మెర్జ్ కింద హెచ్‌డీఆర్ నొక్కండి. కలపడానికి ముందు ఒక్కో ఫ్రేమును సవరించకండి, ఎక్స్‌పోజర్ సవరణలు కలిసిన ఫైలులోకి రావు. తెరుచుకున్న పెట్టెలో ఆటో అలైన్‌ను చేత్తో పట్టుకొని తీసిన ఫ్రేములకు ఆన్‌లో ఉంచండి. గట్టి ట్రైపాడ్ మీద తీసినవాటికి అవసరం లేదు. డీగోస్ట్ అనేది కదిలిన వస్తువులను సరిచేసే సదుపాయం. దానిని ముందు ఆపి ఉంచి చిత్రాన్ని పెద్దది చేసి చూడండి. ఆకులు, మనుషులు, ఎగిరే కాకులు రెండుగా మూడుగా కనిపిస్తేనే ‘లో’తో మొదలుపెట్టి, చాలకపోతే ‘మీడియం’కు వెళ్ళండి. డీగోస్ట్ పనిచేసిన చోట సాఫ్ట్‌వేర్ ఒకే ఫ్రేమును వాడుకుంటుంది కనుక అక్కడ నాయిస్ పెరుగుతుంది. ఏయే చోట్ల పనిచేసిందో ఎర్రటి పొరగా చూపే ఎంపిక కూడా ఆ పెట్టెలోనే ఉంటుంది.

‘మెర్జ్’ నొక్కాక వచ్చేది కొత్త డీఎన్‌జీ ఫైలు. ఇది రా లాగానే సవరించదగినది, ఎక్స్‌పోజర్ స్లయిడర్ మామూలు ఫైళ్ళ ప్లస్ 5, మైనస్ 5కు బదులు ప్లస్ 10, మైనస్ 10 వరకు వెళుతుంది. డార్క్‌టేబుల్‌లోనూ ఇలా కలపవచ్చు, అయితే అది ఫ్రేములను ఒకదానితో ఒకటి సర్దుబాటు చేయదు కనుక ట్రైపాడ్ మీద తీసినవే ఇవ్వాలి.

32 బిట్ల దారి వద్దనుకునేవారికి ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ అనే మరో పద్ధతి ఉంది. టామ్ మెర్టెన్స్, యాన్ కౌట్జ్, ఫ్రాంక్ వాన్ రీత్ 2007లో ప్రతిపాదించిన ఈ పద్ధతి ప్రతి ఫ్రేములోనూ వెలుగు, కాంట్రాస్ట్, రంగు బాగా ఉన్న భాగాలకు ఎక్కువ విలువ ఇచ్చి, వాటిని నేరుగా కలిపేస్తుంది. టోన్ మ్యాపింగ్ అవసరముండదు. హగిన్‌తో వచ్చే ఎన్‌ఫ్యూజ్ చేసేది ఇదే. ఫలితం సహజంగా ఉంటుంది, కొన్నిసార్లు కొంచెం చప్పగా కూడా ఉంటుంది. ఇళ్ళ లోపలి ఫోటోలకు నేను దీన్నే ముందు ప్రయత్నించమంటాను.

టోన్ మ్యాపింగ్: ఎక్కడ ఆగాలి

కలిపిన ఫైలును తెరిచి, ఈ వరుసలో ముందుకు వెళ్ళండి. మొదట ఎక్స్‌పోజర్‌ను చిత్రంలోని ముఖ్యమైన చోటుకు సరిపడేట్టు పెట్టండి. గోపురం ముఖ్యమైతే గోపురానికి, గది ముఖ్యమైతే గదికి. తరువాత హైలైట్స్‌ను మైనస్ వైపు, కిటికీ బయటి చెట్టుకు ఆకులు కనిపించేదాకా తగ్గించండి. మైనస్ 60, 80 వరకు వెళ్ళినా ఫరవాలేదు. మూడవది షాడోస్. ఇక్కడే చెయ్యి ఆపుకోవాలి. ప్లస్ 30, 40 దగ్గర ఆగి, ఒకసారి తెర నుంచి వెనక్కి జరిగి చూడండి. ఆ తరువాత వైట్స్‌ను కొంచెం పెంచి, బ్లాక్స్‌ను కొంచెం తగ్గించి, చిత్రంలో ఎక్కడో ఒకచోట నిజమైన తెలుపూ నిజమైన నలుపూ ఉండేట్టు చూడండి. ఈ చివరి పని చేయనందువల్లనే చాలా హెచ్‌డీఆర్ చిత్రాలు పొగమంచు పట్టినట్టు బూడిదగా కనిపిస్తాయి.

నీడ నీడగానే ఉండాలి. మండపంలో నేల మీద పడిన స్తంభాల నీడలను చూసే కదా అది ఉదయమా మధ్యాహ్నమా అని మనకు తెలిసేది. ఆ నీడలన్నిటినీ ఎండతో సమానంగా లేపేస్తే వివరాలన్నీ కనిపిస్తాయి, కానీ వెలుగు ఎటునుంచి వస్తోందో తెలియదు. రాతి చెక్కడానికి లోతు పోతుంది, బొమ్మ అట్టముక్కలా అవుతుంది. బయటి ఎండ కన్నా గది ఎప్పుడూ ఒక మెట్టు చీకటిగా ఉండాలి. ఈ వరుస తలకిందులైతే, అంటే గది వెలుగుగా, కిటికీ బయటి ఆకాశం మబ్బుగా కనిపిస్తే, ఎందుకో చెప్పలేకపోయినా చూసేవారికి ఏదో తేడాగా ఉందని వెంటనే తెలిసిపోతుంది.

రెండవ ప్రమాదం హేలో. గోపురం చివర ఆకాశాన్ని తాకే గీత వెంట తెల్లటి వెలుగు అంచు కనిపిస్తే అది హేలో. చుట్టుపక్కల పిక్సెళ్ళను చూసి ఒక్కో చోటును ఒక్కో విధంగా సవరించే లోకల్ టోన్ మ్యాపింగ్ పద్ధతుల్లో ఇది వస్తుంది. ఫోటోమ్యాటిక్స్‌లో స్ట్రెంగ్త్‌ను, లైట్‌రూమ్‌లో క్లారిటీని తగ్గిస్తే అది పోతుంది. క్లారిటీ ప్లస్ 15 దాటవలసిన అవసరం నాకు చాలా అరుదుగా కనిపించింది. అతికీ మితానికీ తేడా తెలియాలంటే ఒకే ఫైలును ఒకసారి అతిగా, ఒకసారి మితంగా సవరించి, మరునాడు ఉదయం రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రాత్రి పన్నెండు గంటలకు అద్భుతంగా అనిపించిన చిత్రం తెల్లారేసరికి వేరుగా కనిపించడం మామూలే.

మూడవది రంగు. టోన్ మ్యాపింగ్‌తో మధ్యస్థ వెలుగుల్లో రంగులు తమంతట తామే చిక్కబడతాయి. గోపురం బొమ్మలకు అసలే గాఢమైన రంగులు. వాటిమీద శాచ్యురేషన్ కూడా పెంచితే కన్ను నిలవదు. వైబ్రెన్స్‌ను సున్నా వద్ద ఉంచి, శాచ్యురేషన్‌ను మైనస్ 5, 10 వరకు తగ్గించి చూడండి. మనుషుల చర్మం నారింజ రంగుకు తిరిగిందేమో కూడా గమనించండి. నాయిస్ తగ్గించడం, షార్ప్‌నింగ్ అన్నిటికన్నా చివర.

ఫోన్‌తో తీసేవారికి

నేటి ఫోన్లు అడగకుండానే హెచ్‌డీఆర్ చేస్తాయి. గూగుల్ రూపొందించిన హెచ్‌డీఆర్ ప్లస్ పద్ధతి మొదటి రూపంలో ఒక విశేషముండేది: అది వేర్వేరు ఎక్స్‌పోజర్లు తీయడానికి బదులు, అన్నీ తక్కువ ఎక్స్‌పోజర్‌తో వరుసగా కొన్ని ఫ్రేములు తీసి, వాటిని కలిపి నాయిస్ తగ్గించి, ఆపైన నీడలను లేపేది. ఫ్రేములన్నీ ఒకే రకంగా ఉండటంతో కదలికల చిక్కు తక్కువగా ఉండేది. మీ చేతిలో నియంత్రణ కావాలంటే లైట్‌రూమ్ మొబైల్ యాప్ కెమెరాలో హెచ్‌డీఆర్ మోడ్ ఉందేమో చూడండి. ఆ సదుపాయం పనిచేసే ఫోన్లలో అది మూడు ఫ్రేములు తీసి, సవరించడానికి వీలైన డీఎన్‌జీ ఇస్తుంది.

ఫైలు బయటికి తీయడం

చివరి చిత్రాన్ని ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధిలో జేపెగ్‌గా తీయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా జతచేయండి. లేకపోతే అది ఫైలును బాగా కుదించేసి, మీరు కష్టపడి నిలిపిన ఆకాశపు ఛాయల్లో చారలు తెస్తుంది. మొదటి ఫ్రేముల రా ఫైళ్ళను చెరిపేయకండి. కలిపే సాఫ్ట్‌వేర్లు ఏటికేడాది మెరుగవుతున్నాయి, అవే ఫ్రేములను తరువాత మళ్ళీ కలిపి చూడవచ్చు.

ప్రింటు వేయించదలిస్తే తెర వెలుగును సగానికి తగ్గించి చిత్రాన్ని మరొకసారి చూడండి. కాగితం తనంతట తాను వెలగదు కనుక నీడలు తెర మీదకన్నా చిక్కగా పడతాయి, మ్యాట్ కాగితం మీద ఇంకొంచెం ఎక్కువగా. ల్యాబుకు ఇచ్చే ప్రతిలో ఎక్స్‌పోజర్‌ను మూడోవంతు స్టాపు పెంచి, ముందు ఒక చిన్న సైజు ప్రింటు తీయించి, దానిని కిటికీ వెలుగులో చూశాక పెద్ద సైజుకు ఆర్డరు ఇవ్వండి.